అడుగున ఇసుక

మామయ్య తవ్విన కందకం నిండా చిక్కటి బంకమట్టి నీళ్లు. అంచులు విరిగిపడకుండా ఆపేవి అవే. అందులో బంకమట్టి కలిపిన ముద్ద నింపితే నేల లోపల గోడ అవుతుంది. ఇవతల మూతపడిన రంగుల ఫ్యాక్టరీ. దాని విషం కలిసిన నీళ్లు నేల కింద మెల్లగా జరుగుతున్నాయి. అవతల పిన్ని వాళ్ల సందు. ముందుజాగ్రత్తగా వాళ్ల బావికి రేకు మూత వేశారు. గోడ పూర్తయ్యాక ఆ మూత తనే తీస్తానని మామయ్య చెల్లెలికి మాటిచ్చాడు.

ఆ గోడను పరీక్షించే ఉద్యోగం నాది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే.

నిన్న సాయంత్రం వానకు పని ఆగింది. పొద్దున్నే ముద్ద సిద్ధం చేసుకుని మామయ్య యంత్రం ఎక్కాడు. నేను తాడు కట్టిన ఇనుప గుండును కందకంలోకి వదిలాను. నిన్న అడుగున గట్టి మట్టికి ఠక్కున తగిలింది. ఇవాళ మెత్తగా దిగబడింది.

“ఆగు మామయ్యా. అడుగున ఇసుక పేరుకుంది.”

“నిన్న చూశావుగా, మళ్లీ ఏంటి?”

“నిన్న చూసింది నిన్నటిది.”

ఆయన దిగి వచ్చాడు. “ఏమ్మా కోడలు పిల్లా, ముద్ద బాగుందని నువ్వేగా అన్నావు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదూ?”

“ఉడికిందో లేదో తెలుస్తుంది. అడుగంటిందో లేదో తెలీదు.”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

“మీ పిన్ని ఇంకెన్నాళ్లు నీళ్లు మొయ్యాలి? ఆ మబ్బు చూడు. ఇంకో వాన పడితే కందకమే కూలుతుంది.”

అది అబద్ధం కాదు. నాకూ భయమే. కానీ ఇసుక మీద ముద్ద పోస్తే ఎంత మంచి గోడ కిందనుంచైనా నీళ్లు జారిపోతాయి. ఆ తర్వాత ఎవరికీ కనపడదు.

“నింపమని నేను చెప్పలేను మామయ్యా.”

“చదువుకో చదువుకో అని వెంటపడ్డాను. చివరికి నాకే ఎసరు పెట్టావు!”

విసురుగా యంత్రం ఎక్కాడు. నింపేస్తాడనుకున్నాను. యంత్రం తొట్టి కందకం అడుగుదాకా దిగి, గీరి, పైకి వచ్చింది. బూడిదరంగు ఇసుక కారుతోంది. మామయ్య దిగి దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“ఒక్క రాత్రికి ఇంతా?”

ఇసుక రావడం ఆగేదాకా గీరుతూనే ఉన్నాడు. తుంపర మొదలైంది. ఈసారి తాడు ఆయన చేతికే ఇచ్చాను. గుండు అడుగు తాకింది చెవికి కాదు, చేతికి తెలుస్తుంది.

“తగిలింది,” అన్నాడు. ఎత్తి, ఇంకాస్త పక్కన వదిలాడు. ఆ రెండోసారి నేను అడగలేదు.

ఆయన జేబులో ఫోను మోగింది. పిన్ని.

“ఇవాళ నింపుతున్నామే,” అన్నాడు. కాసేపు విని, నా వైపు చూశాడు. “మూతా? నేనెలా తీస్తాను? కోడలు పిల్ల చెప్పాలిగా.”