తడి గీత

చుక్క.

చుక్క.

మళ్ళీ చుక్క...

గోనెపట్టాల కింద బరఫ్ కరిగి, బండి పలకల సందుల్లోంచి రోడ్డు మీద పడే చప్పుడు అది. నాంపల్లిలో పన్నెండేళ్ళు విన్నాను. బరఫ్ మీద చల్లే రంపపుపొట్టు తడిసిన వాసనతో కలిసి వచ్చేది.

ఇప్పుడు కొరియాలో ఉన్నాను. యాభై రెండో సంవత్సరం, చలికాలం. చుట్టూ కొండలు. కొండలన్నీ బరఫ్. ఈ చలి మొదలైన నాటి నుంచి ఒక్క చుక్క రాలిన చప్పుడు వినలేదు.

అందుకేనేమో, కూర్చోబుద్ధి కాదు.

నా పేరు రాజమల్లు. ఐసు ఫ్యాక్టరీ నుంచి అబిడ్స్ హోటళ్ళకు బరఫ్ దిమ్మలు తోసే బండి నాది. ఇక్కడ యుద్ధం. మన దేశపు ఫౌజు దవాఖానలో గాయపడ్డవాళ్ళ స్ట్రెచర్ మోస్తాను. పని ఉంటే బాగు. లేకపోతే నడుస్తాను. డేరాల చుట్టూ... మళ్ళీ డేరాల చుట్టూ. బండి లేకపోయినా తోస్తూనే ఉన్నావని తోటివాళ్ళు నవ్వుతారు.

నిజమే. తోస్తూనే ఉన్నాను.

దూరం నుంచి ఈ కొండలు మా ఫ్యాక్టరీ వెనక పొట్టు కుప్పల్లా ఉంటాయి. లోయలో గూడ్సు బండి కూత వేస్తే అది నాంపల్లి స్టేషనే. స్టేషను వెనక మా బస్తీ. బస్తీలో మా అర్ర. అర్రలో నా భార్య యాదవ్వ.

నాంపల్లిని చూడకుండా ఉండాలనే ఇంత దూరం వచ్చాను. అది నాకంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుంది.

ఇంత బరఫ్ ఊరికే పడి ఉండటం చూస్తే మా ఫ్యాక్టరీ మాలిక్ గుండె ఆగేది. నాకు మాత్రం కోపం వస్తుంది.

ఆ రోజు ఎక్కడికి పోయింది ఇదంతా?

యాభయ్యో సంవత్సరం, ఎండాకాలం. మా కమలకు మూడేళ్ళు. జ్వరం... ఒళ్ళు కాలిన పెనంలా ఉంది. తలకు బరఫ్ పెట్టమన్నారు దవాఖానలో. యాదవ్వ నా వైపు చూసింది. బరఫ్ బండివాడి బిడ్డకు బరఫ్ కరువా?

ఉరికాను. ఫ్యాక్టరీలో పెద్ద ముక్క ఒకటి గోనెలో చుట్టాను. చంకన పెట్టుకుని నడిస్తే ఇల్లు పది నిమిషాలు.

కానీ బండి నింపి ఉంది. అబిడ్స్ హోటల్‌కు ఆలస్యమైతే రేపటి నుంచి రావద్దంటారు. భయపడ్డాను. ముందు దిమ్మలు దింపి, తేలిక బండితో ఉరుకుదామనుకున్నాను. ముక్కను దిమ్మల మధ్య పెట్టాను. కలిసి ఉన్న బరఫ్ నిలుస్తుంది. ఒంటిదైతే కరుగుతుంది. ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

హోటల్లో దిమ్మలు దిగాయి. ముక్క ఒంటిదైంది.

ఇల్లు చేరేసరికి గోనెలో పిడికెడు మిగిలింది. నుదుటి మీద పెట్టాను. కాసేపటికి కమల ఒళ్ళు చల్లబడింది... బరఫ్ వల్ల కాదు.

"ఇంత సేపు ఏం చేసినవ్?" అంది యాదవ్వ.

"మిషను ఆగింది," అన్నాను.

ఆ ఒక్క అబద్ధం. దాని పక్కన పడుకోలేక ఫౌజులో చేరాను.

నెలకో ఉత్తరం రాస్తాను, అక్షరం అక్షరం కూడబలుక్కుని. క్షేమం. చలి. వేళకు తిను. అంతే. యాదవ్వకు చదువు రాదు. అబిడ్స్ పోస్టాఫీసు మెట్ల దగ్గర వెంకటనర్సయ్య గారు అందరి ఉత్తరాలూ చదివి పెడతారు, రాసి పెడతారు. మంచి మనిషి. ఆ గొంతు మాత్రం ప్రపంచమంతా చెవిటిదన్నట్టు ఉంటుంది. ఆయన చదివితే టాంగావాళ్ళు వింటారు, పూలమ్మే పెద్దమ్మ వింటుంది, దారిన పోయేవాళ్ళు ఆగి వింటారు. అక్కడ చదవబోయే కాగితం మీద నిజం ఎలా రాస్తాను?

రాయలేదు. రాయలేదు... నడిచాను.

నెలన్నర కింద, మధ్యాహ్నం, కింది ఊరి ఆడమనిషి ఒకామె పిల్లను వీపున కట్టుకుని మా డేరాకు వచ్చింది. పిల్లకు మూడేళ్ళుంటాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఆమె మాట మాకు అర్థం కాలేదు. కూర్చున్న తీరు మాత్రం నాకు తెలుసు. ఒళ్ళో పిల్ల, కళ్ళు గుమ్మం మీద.

"రాజమల్లూ, బరఫ్ లావ్," అన్నారు డాక్టర్ సాబ్.

బయటికి వెళ్ళాను. రెండే అడుగులు. దోసెడు తీశాను. ఇంకో దోసెడు. గిన్నె నిండింది.

రెండే అడుగులు...

గిన్నె ఇచ్చి, మళ్ళీ బయటికి వచ్చి, మంచులో కూలబడి ఏడ్చాను. సాయంత్రానికి ఆ పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళు తాగింది. సంతోషమైంది. మా కమల కళ్ళు తెరవలేదే అని ఈర్ష్య కూడా పుట్టింది.

ఆ సాయంత్రమే రాశాను. మిషను ఆగలేదని. అబిడ్స్‌కే ముందు పోయానని. వెంకటనర్సయ్య గారు ఎంత గట్టిగా చదువుతారో చదవనీ అనుకున్నాను.

వచ్చే నెల మా దండు తిరుగుముఖం పడుతుంది. ఉండదలచినవాళ్ళు సంతకం పెడితే ఇంకో ఏడాది ఇక్కడే. ఆ కాగితం జేబులో పెట్టుకుని యాదవ్వ జవాబు కోసం ఆగాను. ఆగడమంటే... డేరాల చుట్టూ.

ఇవాళ వచ్చింది. చేతిరాత వెంకటనర్సయ్య గారిది, మాట యాదవ్వది.

"మిషను ఆగలేదని నాకెరుకే. గా దినం బిడ్డను పక్కింటి కిష్టవ్వ ఒళ్లె పెట్టి, నీకోసం ఫ్యాక్టరీ దాంక ఉరికొచ్చిన. గేటు కాడ నీ బండి తడి గీత ఇంక ఆరలే. అది ఇంటి దిక్కు పోలే, అబిడ్స్ దిక్కు పోయింది. గప్పుడే ఎరుకైంది. రెండేండ్ల సంది నువ్వే చెప్తవని చూసిన. ఇప్పుడు చెప్పినవ్."

అంటే అడిగినప్పుడే తెలుసు. తెలిసే అడిగింది.

రమ్మని లేదు. వద్దనీ లేదు. కాగితం తిప్పి చూశాను. అడుగున వెంకటనర్సయ్య గారు తన మాటగా ఒక పంక్తి చేర్చారు.

"నీ ఉత్తరం గట్టిగ చదవలేదు రాజమల్లూ. ఆమె చెవి కాడ మెల్లగ చదివిన."

సంతకం కాగితం జేబులోంచి తీశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను...

డేరా అంచున ఏదో చప్పుడు. ఎండ పడుతోంది.

చుక్క.

చుక్క.

కింద మంచు మీద సన్నటి తడి గీత ఒకటి కదిలింది. ఎన్నో నెలల తర్వాత నా కాళ్ళు ఆగాయి. అది ఇంటి దిక్కు తిరుగుతుందో, మరో దిక్కోనని నిలబడి చూస్తున్నాను.