గడిలో టిక్కు

వెర్నెట్టా మడత బల్ల కాళ్ళను మోకాలితో నెట్టి విప్పుతుండగా లాండ్రీ మేనేజరు బయటికొచ్చాడు.

"గుమ్మం ముందు వద్దని నిన్ననే చెప్పాను కదమ్మా."

"చెప్పావు. అందుకే నాలుగడుగులు జరిగాను. ఇంకా జరిగితే రోడ్డు మీద పడతాను. పడమంటావా?"

అతను గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. వేడి ట్రేలు కాల్చిన మచ్చలు ముంజేతుల నిండా ఉన్నాయి. రిటైరయ్యాక, జీతం లేని ఈ ఓటర్ల నమోదు పని నెత్తినేసుకుంది. అమెరికాలో ఈ జార్జియా రాష్ట్రంలో గెలుపెవరిదో చివరి పెట్టె లెక్కించేదాకా తేలదు. అందుకే ఎన్నికలొస్తే పెద్ద పెద్ద వాళ్ళు దిగి, ఆమె పేట వాళ్ళని అమ్మా, అన్నా అని పిలుస్తారు. ఆ హడావుడి అయ్యాక జాబితాలోంచి రాలిపోయేవి ఆ పేట పేర్లే. అది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

నమోదుకి ఇవాళే ఆఖరు. మధ్యాహ్నానికి పదిహేడు ఫారాలయ్యాయి. అప్పుడొచ్చాడు క్లెమెంట్ టార్వర్, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన ముసలాయన.

"నలభై ఏళ్ళు ఓటేశాను చెల్లీ. ఇప్పుడు జాబితాలో లేనంటున్నారు. ఇంకా అదే ఇంట్లో ఉన్నానా అని అడుగుతూ కార్డు పంపారట, నేను జవాబివ్వలేదట."

"ఏ ఇంటికి పంపారు?"

"పాతింటికి. అది కూలగొట్టి మూడేళ్ళయింది. కూలగొట్టిందీ సర్కారు వాళ్ళే." ఆయన టోపీ నలుపుకున్నాడు. "పోనీలే, నా ఒక్క ఓటుకి..."

"ఆ మాట నా ముందు అనకన్నా!" వెర్నెట్టా బల్ల మీద గుద్దింది. పెన్నులు దొర్లి కింద పడ్డాయి. "చచ్చినవాళ్ళ పేర్లు కొట్టేస్తారు. నువ్వు నా ఎదురుగా నిలబడి ఊపిరి తీస్తున్నావు. నిన్ను కొట్టెయ్యడానికి వాళ్ళెవరు? కూర్చో. రాయి."

నాలుగున్నరకి కౌంటీ ఎన్నికల ఆఫీసు కిటికీలో గుమాస్తా ఆమె తెచ్చిన ఫారాలు తిరగేసి ఒకటి బయటికి లాగాడు. క్లెమెంట్‌ది.

"పౌరుణ్ణి అన్న గడిలో టిక్కు లేదు. ఇది చెల్లదు."

"వచ్చి పెడతాడు."

"ఐదింటికి మూసేస్తాం."

"గడియారం నాకూ కనపడుతోంది."

ఆమె క్లెమెంట్‌కి ఫోన్ చేసింది. కిటికీ రేకు కిందికి దిగకుండా అరచెయ్యి అడ్డంపెట్టి నిలబడింది. చెమటలు కారుతున్నా చెయ్యి తియ్యలేదు. ఐదుకి నాలుగు నిమిషాలుండగా క్లెమెంట్ రొప్పుతూ వచ్చి టిక్కు పెట్టాడు. ముద్ర పడింది.

వెర్నెట్టా వరండాలోని బెంచీ మీద కూలబడింది.

"పనైపోయిందిగా, కోపం ఇంకా తగ్గలేదా?" అన్నాడాయన.

"తగ్గితే రేపెలా లేస్తానన్నా?"

ఆయన మంచినీళ్ళు తెచ్చేసరికి ఆమె తల గోడకి ఆనుకుని ఉంది. ఎవరితోనో గొడవకి దిగబోతున్నట్టు పెదాలు బిగిసి ఉన్నాయి. పిలిచాడు. చెయ్యి పట్టుకుని కదిపాడు. పలకలేదు.

అంబులెన్సు వచ్చింది. వాళ్ళకి తొందరపడాల్సిన పని లేకపోయింది.

బెంచీ కింద ఆమె నల్ల బూటు ఒకటి ఉండిపోయింది, చిటికెన వేలు ఒరుసుకోకుండా పక్కన బ్లేడుతో కోసుకున్నది.