లైనులో ఎవరు ముందు

ఫోను ఎత్తగానే స్కానింగ్ గది టెక్నీషియన్ గొంతు వినిపించింది. "మేడమ్, బొమ్మలు కదలడం లేదు! పక్షవాతంతో ఒకావిడ వచ్చింది. మెదడు స్కాను ఊరవతల ఉన్న డాక్టరుగారికి పంపితే సగంలోనే ఆగిపోయింది. ఇరవై నిమిషాలయింది."

ఆ ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసే ఇంజనీరు ఆమె. బయటికి పోయే లైను ఒక్కటే. రద్దీ పెరిగినప్పుడు అందులో ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో రెండేళ్ల క్రితం వరస రాసిపెట్టింది కూడా ఆమే. మొదట స్కాను బొమ్మలు, తర్వాత డాక్టర్ల ఫోన్లు, అన్నిటికీ అడుగున వీడియోలు. ఏది ఎంత ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందో నర్సుల పక్కన కూర్చుని మరీ అడిగి తెలుసుకుంది.

ఇప్పుడు తెర మీద ఆ వరస తలకిందులై ఉంది. అన్నిటికన్నా పైన సభామందిరం వీడియో. మార్చింది ఆమె పైఅధికారి. ఆయన పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోను చేసింది.

"బావా, వరస మీరు మార్చారా?"

"మెల్లగా మాట్లాడు. డైరెక్టరుగారి ప్రసంగం లైవులో పోతోంది. పొద్దున రిహార్సల్లో రెండుసార్లు ఆగిందని నన్ను చెడామడా తిట్టారు. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టు."

"ఇక్కడ స్కాను ఆగిపోయింది. మనిషి పోయేలా ఉంది!"

"ఒక్క స్కానుకి ఇంత రాద్ధాంతమా? నువ్వు దాన్ని ముట్టుకున్నావంటే నా పరువు పోతుంది."

ఆమె ఫోనును బల్ల మీదికి విసిరింది. కోపంలో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి లోపలికి వెళ్లి పాత వరస ఎక్కించింది. నిమిషం తిరక్కుండా బొమ్మలు కదిలాయి. పై అంతస్తులో డైరెక్టరుగారు మాత్రం తెరిచిన నోరు తెరిచినట్టే తెర మీద బిగుసుకుపోయారట.

డాక్టరు స్కాను చూసి, రక్తపు గడ్డ కరిగించే మందు ఎక్కించమన్నారు. ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ఆవిడ దర్జీ. ఇరవై నిమిషాలు ముందు మందు పడి ఉంటే చెయ్యి వచ్చేదా అని ఇంజనీరు అడిగితే, "చెప్పలేమమ్మా" అన్నారు డాక్టరు.

మర్నాడు బావ ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. "పొరపాటున ప్రసారం ఆపానని సంతకం చెయ్యి. మిగతాది నేను చూసుకుంటా. నీకీ ఉద్యోగం వేయించింది నేనని గుర్తుంచుకో."

"గుర్తుంది కాబట్టే రెండేళ్లుగా మీరేం చెప్పినా తలూపాను. ఆవిడ గదికి ఒక్కసారైనా వెళ్లారా? ఎడం చేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంటోంది. పొరపాటన్న మాట ఆవిడ ఎదురుగా నిలబడి అనండి!"

ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నిమిషాలతో సహా రాసిన రెండు పేజీలు ఆమె బావ ముందుకు తోసింది.

"నా మీదే రిపోర్టు రాస్తావా? ఇంటి మనిషివి!"

"ఇంటి మనిషిని గనకే ముందు మీకు చూపిస్తున్నా."

ఆ కాగితాలు ఆ పూటే వైద్యాధికారికి, దర్జీ భర్తకు చేరాయి. విచారణ జరిగింది. ఎమర్జెన్సీ డాక్టరు సంతకం లేనిదే వరస మార్చకూడదన్నారు. బావను వేరే విభాగానికి పంపారు. డైరెక్టరును ఎవరూ ఏమీ అనలేదు. పైవాళ్లకు ఎదురు తిరిగినందుకు ఆమెకు కూడా ఒక మందలింపు పత్రం వచ్చింది. దాన్ని చదివి పళ్లు కొరుక్కుంది.

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఏమే, మీ బావ అన్నం ముట్టకుండా అటు తిరిగి పడుకున్నారు. ఏం చేశావ్?"

ఆమె జరిగిందంతా చెప్పింది.

"ఆవిడ చెయ్యి ఇంక రాదా?"

"తెలీదక్కా."

"అయితే పస్తుండనీ," అని ఫోను పెట్టేసింది అక్క.