కన్నమ్మ మునుం

"నాట్లకొస్తున్నవా ఎర్రమ్మా?"

అది తొమ్మిదో గుమ్మం. కన్నమ్మ తడిక పట్టుకుని నిలబడింది. లోపల నులకమంచం కిర్రుమంది గానీ మనిషి లేవలేదు.

"కాళ్లు నేలకు ఆనుతలేవు వదినా. ముంత గూడ పట్టలేకపోతున్న."

అది రెండువేల ఆరు వానాకాలం. దుమ్ముగూడెం అవతల అడవి అంచునున్న ఆ గూడెంలో కీళ్ల జ్వరం సోకని ఇల్లు లేదు. చికున్‌గున్యా అనే పేరులో చికెన్ ఉందని విని కొందరు కోడికూర మానేశారు. అయినా జ్వరం వాళ్లనూ వదల్లేదు. జ్వరం మూడు రోజుల్లో పోయేది, నొప్పులు నెలల తరబడి ఉండేవి. తల్లులు చంటిబిడ్డల్ని ఎత్తుకోలేకపోయారు. మగవాళ్లు గోడ పట్టుకుని పెరట్లోకి నడిచారు. కన్నమ్మకు వచ్చి పన్నెండు రోజులైంది. మోకాళ్ల వాపు ఇంకా తీయలేదు. పొద్దున్నే వేడినీళ్లలో ఉంచితే తప్ప వేళ్లు ముడుచుకోవడం లేదు.

ఎనిమిదేళ్లప్పుడు తల్లి పక్కన వంగి నాటు మొదలుపెట్టింది. ఇప్పుడు ఇరవై ఇద్దరు ఆడవాళ్ల ముఠాకు పెద్ద. మడిలో ఎవరి మునుం, అంటే ఒక్కొక్కరు నాటే పట్టీ, ఎక్కడిదో, ఎవరు ఏ వరస పట్టాలో ఆమే చెప్పేది. పాట ఎత్తేదీ ఆమే. ఆమె నాటినచోట ఒక్క మొక్కా నీళ్లలో తేలదని రైతులు అనేవారు. అంతకుమించి ఆమె గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ముందురోజు సాయంత్రం రైతు చెంచురామయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

"నారు ముదిరిపోయింది కన్నమ్మా. రేపు నాటు పడకపోతే ఇడిసిపెడత. వచ్చే ఏడు జామాయిల్ పెడత. దానికి కూలోళ్లతో పనుండదు."

అందులో బెదిరింపు లేదు, అలసట ఉంది. పక్క రైతులిద్దరు అప్పటికే జామాయిల్ పెట్టారు. ఆ చేలవైపు ఆడవాళ్లు నడిచిన బాట గడ్డి మొలిచి మూసుకుపోయింది.

"తీసుకొస్తనయ్యా," అంది కన్నమ్మ.

ఇరవై రెండు గడపలూ తిరిగితే నలుగురు వచ్చారు. చివరికి తన ఇంటికొచ్చి, మంచంలో ఉన్న మొగుడు పగిడయ్య నోటికి అంబలి గిన్నె అందించింది. గిన్నె పట్టుకునే సత్తువ అతనికి లేదు.

"పోకే. నీ ఒళ్లు నీకే బరువైంది."

"ఇయ్యాల పోకపోతే వచ్చే ఏడు అందరం ఏడికి పోతం?"

అతని మూతి తుడిచి బయల్దేరింది.

నారుమడిలో చెంచురామయ్య, ఆయన భార్య కళావతి పీటలు వేసుకుని నారు పీకుతున్నారు. కళావతి బురదలో దిగడం అదే మొదలు. పక్కనే నాటేసే మడిలో, నడుము వంగక కన్నమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. వరిమడిలో మోకరిల్లి నాటేవాళ్లు ఎవరూ ఉండరు. మిగతా నలుగురు చూసి తలలు తిప్పుకున్నారు. వేళ్లు పట్టు నిలవక బొటనవేలితో ఒక్కొక్క కుదురునూ బురదలోకి అదిమింది. ఒకటి నాటి, మోకాళ్లు వెనక్కి లాక్కుని, మరొకటి నాటింది.

"పాట ఎత్తక్కా," అంది పక్కామె.

ఎత్తింది. రెండో చరణానికే ఊపిరి అందలేదు. అందుకునేవాళ్లు లేక పాట అక్కడే ఆగింది.

మధ్యాహ్నానికి సగం మడి కూడా కాలేదు. కన్నమ్మ అన్నం ముట్టలేదు.

"జర నడుం వాలుస్త. నా మునుం ఎవ్వరు పట్టకండి," అని గట్టు మీద పక్కకు ఒరిగింది.

సన్నగా తుంపర మొదలైంది. మిగతావాళ్లు మళ్లీ మడిలో దిగారు. కాసేపటికి కళావతి వచ్చి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత మొగుణ్ని పిలిచింది. ఆ గొంతు విని నలుగురూ వంగినవాళ్లు వంగినట్టే ఆగిపోయారు. కన్నమ్మ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. పన్నెండు రోజులుగా తేలిగ్గా చాచడానికీ ముడవడానికీ రాని వేళ్లు గట్టు మీద మెత్తగా విచ్చుకుని ఉన్నాయి.

ఆ నలుగురి చేతుల్లో ఆమెను మోసే బలం లేదు. పాలేరు బొజ్జయ్య ఎడ్లబండి తెచ్చాడు. బండి కదిలాక చెంచురామయ్య నారుమడివైపు చూశాడు.

"రేపు పసులను తోలురా బొజ్జయ్యా. మిగిలిన నారు మేస్తయి."

ఆడవాళ్లు బండి వెంట గూడేనికి నడిచారు. ఇటూ అటూ నాటిన వరసల మధ్య కన్నమ్మ మునుం సగం నుంచి ఖాళీగా ఉంది. అక్కడ గడ్డిపోచతో కట్టిన నారుకట్ట ఒకటి, కట్టు విప్పకుండానే, వేళ్లు నీళ్లలో ఉంచి వాన చినుకులకు తలలు ఊపుతోంది.