ప్రవక్త మాట చదివిన ఆదివారం

చెల్లెలు పొగకి ఊపిరాడక పోయి రెండు నెలలైంది. బట్టలు కుట్టే షెడ్డులో మంటలు లేచిన రోజు వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే అక్క ముందు గుమ్మంలోంచి బయటపడి, చుట్టూ పరుగెత్తుకొచ్చి, చెల్లెలు లోపల చిక్కుకున్న ఆ తలుపు తాళాన్ని ఇటుకతో బాదింది. ఊడలేదు. విచారణలో మాత్రం తలుపు తెరిచే ఉందన్నాడు యజమాని. తోటివాళ్ళంతా తలలు దించుకుని ఔనన్నారు. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు, వాళ్ళనేమంటుంది?

ఆ యజమానే సంఘపెద్ద. షెడ్డు మళ్ళీ తెరిచినందుకు చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. వాక్యం చదవడం ఎప్పటినుంచో అక్క వంతు. పాస్టరుగారు ఒక స్తుతికీర్తన గుర్తుపెట్టి ఇచ్చారు. ఆమె బైబిలు పేజీలు తిప్పి ఒక ప్రవక్త గ్రంథం దగ్గర ఆగింది. పేదల్ని నలిపేసి తన ముందు పాడేవాళ్ళ పాటలు దేవుడికి అక్కర్లేదనీ, ఆయన అడిగేది న్యాయమేననీ ఆ ప్రవక్త మొహమాటం లేకుండా చెప్పిన చోటు. సంఘపెద్ద కూర్చున్న ముందు వరుసకేసి చూస్తూ, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ చదివింది.

అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా సంఘపెద్దే అన్నాడు.

కూడిక అయ్యాక ఆయనే దగ్గరికొచ్చాడు. "ఎంత బాగా చదివావమ్మా. నా గుండె కరిగిపోయింది."

"తలుపుకి తాళం ఉందని చెప్పండయ్యా. మీరు చెప్తేనే విచారణవాళ్ళు వింటారు."

"దేవుడి సన్నిధిలో ఆ గొడవలెందుకమ్మా? నీ చెల్లెలి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను." ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. ఆ తడి చూశాకే ఆమెకి భయం వేసింది. పాస్టరుగారికేసి తిరిగింది. ఆయన పాటల పుస్తకాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

ఇంటి దగ్గర అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు పోయాక చర్చి గడప తొక్కలేదు.

"ఏం చదివావు?"

చెప్పింది.

"వాళ్ళకి వినపడిందా?"

"వినపడిందమ్మా. నచ్చింది కూడా."

అక్క చెప్పులు విడిచి అమ్మ పక్కన కూలబడింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. తెల్లారితే మళ్ళీ ఆ షెడ్డుకే పోవాలి.