మంచినీళ్ల జాడీ

ఆ గదిలో చప్పుడు మొదలయ్యేదాకా, అక్కడ ఇన్నేళ్లుగా చప్పుడే లేదన్న సంగతి జాడీలమ్మకు తట్టలేదు.

చిటుక్... చిటుక్... వేడి మూకుట్లో ఆవగింజలు ఒకటీ అరా చిట్లుతున్నట్టు. కుళాయి కట్టేసే ఉంది. ట్యూబులైటు ఎప్పటిలాగే వెలుగుతోంది. చెవి రిక్కించి అరల వెంబడి నడుచుకుంటూ వెళ్లి, పొద్దున పెట్టెలో వచ్చిన కొత్త మొక్కల దగ్గర ఆగింది. వేరే ఊరి ప్రయోగశాల వాళ్లు పంపిన నీటి మొక్కలవి. బక్కపలచగా, పాలిపోయి, జ్వరం పడి లేచినవాటిలా ఉన్నాయి. "ఇవేం బతుకుతాయిలే" అనుకుంది పొద్దున. ఇప్పుడు చూస్తే తెగిన కాడల కొసల్లోంచి బుడగలు దారం పోగులా పైకి లేస్తున్నాయి. పైకొచ్చిన ప్రతి బుడగా చిటుక్ మంటోంది.

పక్కనే ఆమె పెంచిన మొక్కలు, ఇరవై నాలుగు జాడీలు. నల్లబడేంత ముదురు పచ్చ. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు వాటి ముందే నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఒక్కటి కూడా కిక్కురుమనడం లేదు.

ఆమె పని చెప్పుకోడానికి చిన్నదే. కాలవల్లో కొట్టే కలుపు మందు జాడీలో కొలిచి పోయాలి. మొక్క వేయాలి. రెండు వారాలయ్యాక దీపం కింద పెట్టి నిమిషానికెన్ని బుడగలొస్తున్నాయో లెక్కపెట్టాలి. బుడగ వస్తోందంటే మొక్క ఎండని తిండిగా మార్చుకుంటోందని లెక్క. మందు పోయని జాడీ ఒకటి పక్కన ఉంటుంది. దాన్ని అందరూ మంచినీళ్ల జాడీ అనేవారు. మందు జాడీలో మూడు బుడగలు, మంచినీళ్ల జాడీలోనూ మూడే. "తేడా లేదు" అని రిజిస్టరులో రాసేది. కింద పెద్దసారు సంతకం. ఆరేళ్లుగా అదే మాట, అదే సంతకం.

ఆ మంచినీళ్లు జాడీలమ్మ ఇంటి బావివి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి మొక్కలు తెల్లబడి చచ్చేవి. పెద్దసారు తల పట్టుకుని కూర్చుంటే, ఆమే రెండు డబ్బాలు ఇంటి నుంచి మోసుకొచ్చింది. వారం తిరిగేసరికి అన్నీ పచ్చగా నిగనిగలాడాయి.

"నీ చేతిలో ఏదో మహత్తు ఉందమ్మా."

"చేతిలో కాదు సార్, మా మామగారు తవ్వించిన బావిలో ఉంది."

కొత్త మొక్కల గోల చూపిస్తే పెద్దసారు నవ్వేశారు. "కొత్త కోడలు కదమ్మా, నాలుగు రోజులు గలగలమంటుంది. మన నీళ్లలో వేసెయ్, అదే సర్దుకుంటుంది."

సగం మొక్కల్ని వాటితో వచ్చిన నీళ్లలోనే ఉంచి, మిగతా సగాన్ని బావి నీళ్లలో వేసింది. మొదటి రోజు నిమిషానికి నలభై ఒక్క బుడగలు. రెండో రోజు ఇరవై ఆరు. మూడో రోజు పదకొండు. నాలుగో రోజు మూడు. ఒక్కో బుడగా తగ్గేకొద్దీ ఆకు రంగు తేరుకుంటూ వచ్చింది. నాలుగో రోజుకి అవి ఆమె మొక్కల్లో కలిసిపోయాయి, ఏది పాతదో ఏది కొత్తదో ఆమే గుర్తుపట్టలేకపోయింది. అవతలి జాడీలోని పాలిపోయినవి మాత్రం నలభై దగ్గరే చిటుకు చిటుకుమంటున్నాయి.

ఆ లెక్కలు రాసిన కాగితం చూసి పెద్దసారు ఈసారి నవ్వలేదు. లేచి తలుపు దగ్గరికి వేశారు.

"మీ బావి నీళ్లు పరీక్ష చేయించారా?"

"పోయినేడు చేయించాం సార్. రెండు మందులు ఆనవాలుగా ఉన్నాయన్నారు. ఒకటి కాలవలో కొట్టేది, ఇంకోటి పక్క పొలాల్లోది. రెండూ ప్రమాదపు గీత కిందే ఉన్నాయి, తాగొచ్చని రాసిచ్చారు. ఆ కాగితం మా ఆయన పటం కట్టించి మరీ గోడకి పెట్టాడు."

"విడివిడిగా గీత కిందే ఉంటాయమ్మా." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండూ కలిస్తే ఏం చేస్తాయో ఎవరు కొలిచారు? ఒకటి ఆకులో తిండి వండే పొయ్యి ఆర్పుతుంది. రెండోది ఆ విషానికి మొక్క విరుగుడు చేసుకోకుండా చేతులు కట్టేస్తుంది. ఆకలేసిన ఆకు ఏం చేస్తుందో తెలుసా? కాస్త ఎండైనా దొరక్కపోతుందా అని ఇంకా పచ్చబడుతుంది."

"అంటే మన మొక్కలు..."

"ఆకలితో పచ్చబడ్డాయి."

జాడీలమ్మ చేతిలో రిజిస్టరు బరువెక్కింది. మందు నీళ్లని మందు నీళ్లతోనే పోల్చి ఆరేళ్లు "తేడా లేదు" అని రాసింది. ఆ రాత చూసి కాలవలో మందు కొడుతూనే పోయారు. ఆ కాలవ ఊట ఆమె బావిలోకి దిగింది. ఆ బావి నీళ్లే మళ్లీ ఆమె మోసుకొచ్చింది.

"డబ్బాల తప్పేమో చూడు" అన్నారు పెద్దసారు. ఆ గొంతులో ఆశ కంటే బతిమాలుకోవడమే ఎక్కువ వినిపించింది. "ఆ పాలిపోయిన మొక్క ఒకటి ఇంటికి తీసుకెళ్లు. బావిలోంచి నేరుగా పట్టి వేసి చూడు. తేలేదాకా ఎక్కడా అనకు."

బావి నీళ్లు పట్టిన జాడీలో మొక్క వేసి కిటికీ గట్టు మీద పెట్టగానే నాలుగేళ్ల మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లను ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటుంది. ఏడవదు, అడగదు. బుగ్గలు మాత్రం నిగనిగలాడుతుంటాయి. చూసినవాళ్లంతా "బంగారు తల్లి! మా ఇంట్లో ఉంది చూడు రాకాసి" అని దిష్టి పెట్టేవాళ్లు.

"ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఎంత అల్లరి చేసేదో గుర్తుందా అత్తయ్యా?" అంది కోడలు బట్టలు మడతపెడుతూ. "మామయ్యగారు చెవుల్లో దూది పెట్టుకునేవారు. రెండేళ్లలో ఎంత బుద్ధొచ్చేసిందో."

జాడీలమ్మ మడత పెట్టబోయిన తువాలు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

చిటుక్, అంది జాడీ. పిల్ల కళ్లు పెద్దవి చేసింది.

"నానమ్మా, అది మాట్లాడుతోంది!"

"ఎన్ని మాటలో లెక్కపెడదామా? నువ్వు వేళ్లు లేపు, నేను రాసుకుంటా."

చాన్నాళ్ల తర్వాత ఆ పిల్ల నవ్వింది. రెండో రోజు, మూడో రోజు అన్నానికి పిలిచినా జాడీ దగ్గర్నుంచి లేవలేదు. లేపే వేళ్లు మాత్రం రోజురోజుకీ తగ్గాయి. నాలుగో రోజు గాజుకి చెవి ఆనించి చాలాసేపు విని, "బజ్జుంది" అని చెప్పి, వెళ్లి తన చోట కూర్చుంది.

"అబ్బ, ఏం రంగొచ్చిందే!" అన్నాడు మొగుడు జాడీ ఎత్తి వెలుగులో చూస్తూ. "చచ్చే మొక్కని తెచ్చావు. మా నాన్న బావి నీళ్లు తగలగానే చూడు, పెళ్లికూతురైపోయింది!"

జాడీలమ్మ పెరట్లోకి వెళ్లి, మోటారు ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాడాయన. "కాగితం ఉంది! తాగొచ్చని రాసుంది!"

"అలాంటి కాగితాలు ఆరేళ్లు రాసిన చెయ్యే ఇది" అంది చెయ్యి చాపి. "ఇకమీదట దూరం నుంచి మోసుకొచ్చే నీళ్లే ఈ ఇంట్లో. మీ నాన్న మీద కోపం కాదు. పిల్ల ముఖం చూడు, ఆ తర్వాత నన్ను తిట్టు."

ఆయన చూశాడు. పిల్ల ఇద్దరివైపూ చూస్తోంది. ఇంత గొడవకి ఏ పిల్లయినా బెదిరి ఏడుస్తుంది. అది రెప్ప కూడా ఆర్పలేదు. ఆయన బిందె తీసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు జాడీలమ్మ రిజిస్టరు తెరిచి, మొదటి పేజీ నుంచి "మంచినీళ్లు" అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఎర్ర సిరాతో కొట్టేసి, "మా ఇంటి బావి నీళ్లు" అని రాసింది. మధ్యాహ్నమైంది. చివరి పేజీలో "ఈ ఆరేళ్ల ఫలితాలు చెల్లవు" అని రాసి సంతకం పెట్టింది.

"ఇది పైకి పంపితే మనిద్దరం ఇంటికేనమ్మా" అన్నారు పెద్దసారు.

"నాకు ఇంట్లోనే పనుంది సార్."

ఆయన ఒక్కో పేజీ తిప్పి ఆ ఎర్ర గీతలన్నీ చూశారు. తర్వాత "పెన్ను ఇటివ్వు" అని ఆమె సంతకం కింద తనదీ పెట్టారు.

ఆమె కొత్త మొక్కలతో వచ్చిన నీళ్లు ఒక సీసాడు అడిగి ఇంటికి తెచ్చుకుంది. నల్లగా పచ్చబడ్డ కాడను కడిగి అందులో వేసి, కిటికీలో పెట్టింది. నానమ్మా మనవరాలూ అటొకరు ఇటొకరు గాజుకి చెవులు ఆనించి కూర్చున్నారు. మొదటి రోజు సున్నా. అయిదో రోజు సున్నా. ఎనిమిదో రోజు ఆకు కాస్త పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి జాడీలమ్మ దాన్ని ఇంకాస్త ఎండలోకి జరిపింది. పిల్ల కొత్త నీళ్లు తాగడం మొదలుపెట్టీ దాదాపు అన్ని రోజులే. పిలిస్తే వస్తోంది, పెడితే తింటోంది. నోరు మాత్రం విప్పలేదు.

తొమ్మిదో రోజు ఎండ గట్టు మీదికి పాకాక, నీళ్లలో ఎక్కడో అడుగున...

విన్నానా, అనుకున్నానా అని ఆమె ఊపిరి బిగబట్టింది. గాజుకి అవతల మనవరాలి ముఖం పచ్చగా, పెద్దదిగా, కదలకుండా కనిపిస్తోంది. పెదవులు కదల్లేదు.

మెల్లగా, చాలా మెల్లగా, ఒక వేలు పైకి లేచింది.

జాడీలమ్మ కాగితం మీద "ఒకటి" అని రాసి, మళ్లీ చెవి ఆనించింది.