ఎవరూ కొట్టని అక్షరాలు

కోడలు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. అయినా తెర మీద అక్షరాలు పడుతూనే ఉన్నాయి. సర్జన్ గారి కడుపు ఆపరేషన్ రిపోర్టు మధ్యలో ఎ పడింది, ఎస్ పడింది, కాసేపాగి డి పడింది. అంతలో పేజీ మొత్తం నీలంగా మారి, రెప్ప వేసి తీసేలోగా మాయమైపోయి, దాని చోట ఒంటి ఎఫ్ ఒకటి నిలబడింది. ఆమె పోయిన పేజీని తిప్పలుపడి వెనక్కి తెచ్చుకుంది. ఈ లాగులాట ఇవాళ్టిది కాదు. తిడదామంటే ఎదురుగా మనిషన్నవాడు లేడు, అదే అన్నిటికన్నా పెద్ద బాధ.

ఆమె పని డాక్టర్లు చెప్పింది విని టైపు కొట్టడం. చెవులకి హెడ్‌ఫోను, కాలి కింద పెడలు. పెడలు నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు. మొగుడికి కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకుంది. అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక, ఆఫీసుని బతిమాలి ఈ పనిని ఇంటికి తెచ్చుకుంది. తప్పుల్లేకుండా కొడుతుందన్న పేరు ఉంది కాబట్టే వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ పేరు కాస్తా ఇప్పుడు గంగలో కలిసేట్టుంది. ఎవరో ముసలాయన మందు ఐదు మిల్లీగ్రాములని డాక్టరు చెబితే, రిపోర్టులో యాభై ఐదని వెళ్ళింది. సంతకం పెట్టేముందు డాక్టరే చూసుకున్నాడు కాబట్టి ముసలాయన బతికిపోయాడు. ఇంకొక్క తప్పు వస్తే ఫైళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని సూపర్‌వైజరు చెప్పింది. తప్పు కంప్యూటరుదా, మీదా, ఇవాళ సాయంత్రంలోగా తేల్చి చెప్పమంది.

తేల్చడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ముందు వైరస్ అనుకుంది. ఎవడో దూరాన కూర్చుని తన తెర మీద చెయ్యి ఆడిస్తున్నాడనుకుని ఇంటర్నెట్ తీగ పీకేసింది. తీగ చేతిలో ఉండగానే తెర మీద నాలుగక్షరాలు పడ్డాయి. కీబోర్డు తలకిందులు చేసి దులిపింది, దూది పెట్టి తుడిచింది, తీగ లేని కీబోర్డు కదా అని చివరికి దాని సెల్లులు కూడా మార్చింది. కరెంటు సరిగా లేదేమోనని కంప్యూటరుని కిటికీ పక్కనుంచి గోడ పక్కకి జరిపింది. అక్కడ జబ్బు ఇంకాస్త ముదిరింది.

మొగుడు నమ్మలేదు. అతను ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు, కంప్యూటరు నంగనాచిలా నోట్లో వేలు పెట్టినా కొరకదు. అతను కంప్యూటరు వెనక్కి వంగి, తీగల బదులు గుచ్చిన గోరంత ముక్కలు రెండు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, ఒకటి కీబోర్డుదీ ఒకటి మౌసుదీ, రెండూ బాగానే ఉన్నాయని తీర్పు చెప్పేవాడు. కొత్త కీబోర్డూ మౌసూ కొని బిగించింది తనే కదా, తనకి తెలీదా అన్నట్టు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నీకు నిద్ర చాలడం లేదేమో చూసుకో అన్నాడు. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది. తిట్టుకైతే సమాధానం ఉంటుంది, జాలికేం చెబుతాం?

ఇక వీధి చివర రిపేరు కొట్టువాడు వచ్చాడు. అతన్ని అందరూ ఫార్మాట్ అనే పిలుస్తారు, ఎందుకంటే ఏ రోగానికైనా అతని దగ్గర అదొక్కటే మందు. అతను అత్తగారి గది తలుపు బార్లా తీయించి, అక్కడి ప్లగ్గు నుంచి తీగ లాక్కుని, మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. కంప్యూటరు ఒక్క అక్షరం తేడా చెయ్యలేదు. రోగం డాక్టరుని చూసి దాక్కోవడం మనుషుల్లోనే అనుకున్నాం, యంత్రాలకీ ఉంది. అయినా వచ్చినందుకు ఉన్నదంతా తుడిచేసి, మళ్ళీ మొదట్నుంచి ఎక్కించి, పదేళ్ళుగా ఆమె కూడబెట్టుకున్న షార్ట్‌కట్లన్నీ ఊడ్చిపెట్టి వెళ్ళాడు. అతను గేటు దాటాడో లేదో, అత్తగారు చెయ్యూపి తన గది తలుపు వేయించుకుంది. కోడలు వచ్చి కుర్చీలో కూర్చునేసరికి తెర మీద ఎ పడింది.

అప్పట్నుంచి ఆమెకి తన చేతుల మీదే నమ్మకం పోయింది. కూరగాయలు తరుగుతున్నా వేళ్ళకేసి చూసుకునేది. కుళాయి కట్టేసి, నిజంగా కట్టానా అని వెనక్కి వచ్చి చూసేది. మొగుడన్నదే నిజమేమో, తనే కొట్టి మరిచిపోతోందేమో. కొట్టిన ప్రతి వాక్యం తర్వాతా చేతులెత్తి దొంగని పట్టుకున్నట్టు తెరకేసి చూస్తూ కూర్చుంటే, ఇక రిపోర్టులు ఎక్కడ తెములుతాయి?

ఇవాళా అంతే. సాయంత్రం దగ్గరపడుతోంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కాచుకుని కూర్చుంది. ఎ, ఎస్, డి, ఎఫ్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఎ, ఎస్, డి, ఎఫ్. చూస్తూ చూస్తూ ఉండగా ఒళ్ళో ఏదో కదులుతున్నట్టయి తల దించింది. ఆమె ఎడమచెయ్యి తనంతట తనే చీర మీద తాళం వేస్తోంది. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. ఆ తెర మీద పడేది ఏమిటో ఆమెకన్నా ముందు ఆమె వేళ్ళకి తెలిసింది.

అది టైపులో మొదటి పాఠం.

ఆ పాఠం ఆమెకి నేర్పింది అత్తగారే. ఆవిడ ప్రభుత్వ కచేరీలో హెడ్ టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. కోడలు ఇంట్లో కాలు పెట్టిన కొత్తల్లో, ఖాళీగా కూర్చుంటే తుప్పు పడతావని చెప్పి, టైపు మిషను ముందు కూర్చోబెట్టి, వేళ్ళు కనపడకుండా పైన తువ్వాలు కప్పి నేర్పింది. ఒక్క అక్షరం తప్పితే కాగితం చించేసేది. ఆ రోజుల్లో కోడలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. అందరి తప్పులూ దిద్దిన ఆ నోరు, జబ్బు చేశాక మాట వంకరగా వస్తోందని తెలిసిన రోజునే మూతపడింది. నోట్లోంచి ఒక్క మాటైనా తప్పుగా రావడం ఆవిడకి సహించదు. కావలసింది కనుబొమ్మలతో చెబుతుంది. చేతికి వ్యాయామం చేయించడానికి వచ్చినవాడిని, వాడిచ్చిన రబ్బరు బంతిని వాడి మీదికే విసిరి పంపించేసింది. ఆవిడ ఆశ వదిలేసుకుందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

కోడలు లేచింది. ఒళ్ళంతా మండిపోతోంది. ఇన్నాళ్ళూ తనని పిచ్చిదాన్ని చేసింది గోడ అవతలి మనిషన్నమాట. ఉద్యోగం పోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుందామనా? ఈసారి పెద్దరికం గిద్దరికం చూసేది లేదనుకుంది. అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళి, అడగవలసిన మాటలు నాలుక మీద పెట్టుకుని, తలుపు సందులోంచి చూసింది.

అత్తగారు మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది. ఒళ్ళో తలగడ, తలగడ మీద అక్షరాలు అరిగిపోయాయని ఆ మంచం పక్క బీరువాలో పడేసిన పాత కీబోర్డు. చూపు మాత్రం కీబోర్డు మీద లేదు, ఎదురుగా గోడ మీద ఉంది, టైపిస్టుల చూపు అది. ఎడమచేతి నాలుగు వేళ్ళూ వరసగా నొక్కింది. తర్వాత ఆ ఎడమచేత్తోనే, చచ్చుబడిన కుడిచేతిని ఎత్తింది. అది జారి పైన అంకెల వరస మీద పడింది; ఐదు పక్కన ఇంకో ఐదు ఎలా వచ్చిందో కోడలికి అప్పుడు తెలిసింది. ఆవిడ దాన్ని మళ్ళీ ఎత్తి, చూపుడు వేలు తీసి ఒక మీట మీద నిలబెట్టింది. కాచుకుని కూర్చుంది. వేలు కదల్లేదు. ఆవిడ విసుక్కోలేదు. మళ్ళీ ఎడమచెయ్యి మొదట్నుంచి కొట్టి చూపించింది, మందబుద్ధి పిల్లకి పాఠం చెప్పినట్టు. మళ్ళీ కుడిచేతి వేలు మీట మీద నిలబెట్టింది. చెమట కణత మీంచి కారుతోంది, తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

కోడలికి ఏడుపొచ్చింది. అలాగని కోపం పోయిందా అంటే అదీ లేదు. తనకి ఇంత కఠినంగా పాఠం చెప్పిన మనిషి, తన చేతికి ఎంత ఓర్పుగా చెబుతోందో చూసి కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

తలుపు తోసి చెప్పెయ్యవచ్చు. కానీ చెబితే ఏమవుతుందో ఆమెకి అరచేతిలో గీతల్లా తెలుసు. తన చేతివల్ల ఒక డాక్టరు రిపోర్టులో తప్పు పడిందని, కోడలి ఉద్యోగానికే ముప్పు వచ్చిందని వింటే, ఆవిడ ఆ కీబోర్డుని మళ్ళీ ముట్టుకోదు. దాన్ని ముట్టుకోకపోతే ఇక ఆ చేతికి పాఠం చెప్పేవాళ్ళు లేరు. కోడలు వచ్చినదారినే వెనక్కి నడిచింది.

కంప్యూటరు వెనక్కి వంగి చూసింది. గోరంత ముక్కలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకటి పీకి చూస్తే కొత్త కీబోర్డూ పని చేస్తోంది, మౌసూ పని చేస్తోంది. కొత్త జోడీకి ఒక్క ముక్కే చాలు. పీకిన ముక్క పాత కీబోర్డుది. కొత్తది బిగించిన ఘనుడు పాతదాన్ని బీరువాలోకి చేర్చాడే కానీ, దాని చెవిని ఇక్కడే వదిలేశాడు. గోడ అవతల ఆవిడ ఉత్త చెక్కనుకుని కొట్టిందంతా ఇది విని తెర మీద పోసింది. కోడలు ఆ ముక్కని సొరుగులో పడేసింది. తెర నిశ్చింతగా ఉంది. ఇన్ని రోజుల తర్వాత తన చేతులు మళ్ళీ తనవయ్యాయి.

ఫోను మోగింది. సూపర్‌వైజరు. ఏమైందని అడిగింది. కంప్యూటరు బాగుపడకపోతే ఫైళ్ళు రేపే మార్చేస్తానంది. బాగుందంటే ఆ యాభై ఐదు ఎలా వచ్చిందో చెప్పాలంది.

గోడ పల్చనిది. అవతల వినపడుతుందని కోడలికి తెలుసు.

"కంప్యూటరు బాగానే ఉందండీ. తప్పు నాదే. కొట్టాక సరిచూసుకోలేదు."

ఫోనులో సూపర్‌వైజరు, మీరు ఇలా అంటారనుకోలేదంది. పని తీసెయ్యనంది కానీ, ఇకమీదట ఈమె కొట్టిన ప్రతి రిపోర్టూ ఇంకొకరు సరిచూశాకే డాక్టరు దగ్గరికి వెళ్తుందంది. ఆ ఇంకొకరు ఎవరని అడిగితే, ఈమె దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి పేరు చెప్పింది. అది మాత్రం కోడలికి చురుక్కుమంది. సరేనండీ అని పెట్టేసింది.

పక్కగదిలోంచి గ్లాసు మీద చెంచా చప్పుడైంది. అత్తగారు పిలుస్తోంది. కోడలు మొహం తుడుచుకుని వెళ్ళింది. కీబోర్డు కనపడకుండా దుప్పటి కిందికి వెళ్ళిపోయింది, ఒక మూల మాత్రం బయటికి పొడుచుకొచ్చింది. ఆమె అటు చూడలేదు.

అత్తగారు కనుబొమ్మలు ముడిచింది. నీళ్ళు కావాలా అని అడిగితే కాదన్నట్టు తలూపింది. మాత్రలా అంటే అదీ కాదంది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. మూత పడ్డ నోరు కదా, చప్పుడు ముందొచ్చి మాట తర్వాత వచ్చింది.

"కొట్టాక... ఒకసారి... చదువుకోవద్దూ?"

మాట వంకరగానే వచ్చింది. తిట్టు మాత్రం తిన్నగా వచ్చింది.

కోడలు ఈ ఇంటికి వచ్చాక ఆ గొంతుతో ఎన్ని తిట్లు తిందో లెక్కలేదు. తనది కాని తప్పుకి, ఆ తప్పు చేసినావిడే తిడుతుంటే, ఇందాకటి మంటంతా చల్లారినట్టయింది.

"చదువుకోవాల్సింది అత్తయ్యా," అంటూ వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "ఇంకా?"

అత్తగారు గట్టిగా ఊపిరి పీల్చుకుని రెండో మాట మొదలుపెట్టింది.